పడని రోకలి

హిందూపురం బడిలో సైన్సు చెప్పేదాన్ని, ఏడో నెల కడుపుతో పెనుకొండలో మా పుట్టింటి చీకటి గదిలో చాప మీద కదలకుండా పడి ఉన్నాను. ఆ పొద్దున సూర్యగ్రహణం. కడుపుతో ఉన్న మనిషి కదిలితే బిడ్డకు మొర్రి వస్తుందని మా అవ్వ, నాయన వాళ్లమ్మ, గడపలో కాపలా కూర్చుంది. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. పెద్దామెతో వాదన ఎందుకులే అని ఒప్పుకున్నాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని.

గ్రహణం విడిచిందీ లేనిదీ అవ్వకు గడియారం చెప్పలేదు. ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి, అందులో రోకలి నిలబెట్టింది. గ్రహణం ఉన్నంతసేపే అది నిలబడుతుందని, విడవగానే పడిపోతుందని మా వైపు గట్టి నమ్మకం. ఆకాశంలో తిరిగే గోళాలకు మా వంటింటి రోకలితో ఏం పని? పైగా దానికి ఆ మధ్యనే కొత్త ఇనుప పొన్ను వేయించారు, అడుగు చక్కగా చదునుగా ఉంది. గ్రహణం విడిచిందని టీవీలో చెప్పారు. వీధిలో అందరూ ఇళ్లు కడుక్కుంటున్నారు. మా రోకలి మాత్రం పడలేదు.

"లేస్తానవ్వా, ఆకలి."

"యాడికి లేస్తావు? రోకలి నిలబడే ఉండాది. పండుకో."

పన్నెండు దాటింది. నాకు ఒళ్లు మండింది. లేచి బయటికొచ్చి చెంబెడు నీళ్లు గటగటా తాగేశాను. తిడుతుందనుకున్న అవ్వ ఏడ్చింది.

"నేనూ ఇట్లే పెద్దోళ్ల మాట వినల్యా. గ్రహణం పూట వంకాయలు తరిగినా. మీ పెద్దనాయన పెదవి చూసినావు కదా."

ధర్మవరంలో మగ్గం నేసే పెద్దనాయన మీసం కింద కుట్ల మచ్చ ఉందని నాకు తెలుసు. అది తన పాపమేనని అవ్వ ఇన్నేళ్లుగా కుమిలిపోతోందని తెలియదు. నా కోపం మీద నాకే సిగ్గేసింది.

"అప్పుడు నీకు ఎన్నో నెల?"

"నీ మాదిరే. ఏడు."

"పెదవి కలిసేది మూడు నెలల లోపలే అవ్వా. నువ్వు వంకాయ పట్టుకునే నాటికే ఆయన పెదవి అట్ల ఉండింది. నీ వల్ల కాదు."

ఆమె నమ్మలేదు. బడిలో పిల్లలకు చెప్పినట్టు ఊరికే చెబితే చాలదు, చూపించాలి. మర్నాడు ఏ గ్రహణమూ లేని పొద్దున, ఆ రోకలిని అవ్వ చేతనే పళ్లెంలో నిలబెట్టించాను. నిలబడింది. అవ్వ ఎండలోకి చూసింది, రోకలిని చూసింది, లోపలికి పోయి ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"వానికి చెప్పు. నేను చెప్తే నమ్మడు."

స్పీకర్ పెట్టి పెద్దనాయనకు అంతా వివరంగా చెప్పాను. ఆయన అంతా విని, "సరేలేమ్మా, నేనెప్పుడైనా అమ్మను అన్నానా?" అన్నాడు. ఫోన్ పెట్టేయబోతుంటే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"నా వల్ల కాదన్నావే, ఆ మాట ఇంకోసారి చెప్పు" అంది.