ఆ పళ్లెం సర్దిన చెయ్యి నాది కాదు

ఎనిమిదేళ్లుగా ఒక మాట లోపలే పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంట్లో చెప్పలేదు. చర్చిలో మోకరించినప్పుడూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నానేమో.

నంద్యాలలో ఒక హోటల్లో పళ్లేలు అందంగా సర్దడం నా ఉద్యోగం. ఏ రంగు పక్కన ఏ రంగు ఉండాలి, బయట బోర్డు మీద ఏ ఫోటో వేయాలి, అన్నీ నేనే చూస్తాను. నన్ను ఈ పనిలో నిలబెట్టింది ఒకే ఒక్క పళ్లెం. అది నాది కాదు.

చేరిన కొత్తల్లో యజమాని రాగి సంగటి చూసి ముఖం చిట్లించాడు. ఈ నల్లటి ముద్దను ఎవరడుగుతారన్నాడు. దాన్ని చూడబుద్ధయ్యేలా చేయలేకపోతే వేరే మనిషిని చూసుకుంటానన్నాడు. నాకేమీ తోచలేదు. ఆ ఆదివారం పుట్టిల్లు ఆళ్లగడ్డకు పోయాను.

మా ఇంటి వెనక శిల్పాల షెడ్డు ఉంది. అక్కడ విగ్రహాలు చెక్కే ఒకాయనను నేను అన్నా అని పిలిచేదాన్ని. ఆయన మధ్యాహ్నం తోటివాళ్లకు తనే వండిపెట్టేవాడు. ఉలులు ఆగిపోయాక కూడా రాతిపొడి ఎండలో తెల్లగా తేలుతూనే ఉండేది, దాని వెనక ఆయన నిద్రలో నడిచే మనిషిలా మెల్లగా కదిలేవాడు. తడి గిన్నెలో సంగటి ఒత్తి, పళ్లెంలో బోర్లించి, తడి వేలితో నునుపు చేసేవాడు. ఒక పక్క చెనక్కాయల ఊరుబిండి పచ్చడి, ఇంకో పక్క ఎర్రటి పులుసు. నెయ్యి గుంట మాత్రం ముందే చేసేవాడు కాదు. తినే మనిషి కూర్చున్నాకే బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి నెయ్యి పోసేవాడు. విగ్రహానికి కళ్లు చివరనే తెరుస్తారు కదా, ఆ అలవాటు. ఆ ఆదివారం నెయ్యి పడగానే ఆ ముద్ద నా వైపు చూసినట్టనిపించింది.

ఫోటో తీసుకున్నాను. ఆయన దగ్గుతూ, తనకు ఈ దుమ్ము ఇక పడటం లేదని, మీ హోటల్లో వంటపని ఏదైనా ఉంటే చూడమని అడిగాడు. అడుగుతానన్నాను.

యజమాని ఫోటో చూసి కుర్చీలోంచి లేచాడు. ఇది ఎవరి చెయ్యి, పిలిపించు, పనిలో పెట్టుకుందామన్నాడు. నాదేనన్నాను. ఎందుకన్నాను? ఆయన వస్తే నాతో పనుండదని భయమా? భయమే. కానీ ఆ భయం రెండు నెలల్లో పోయింది, ఆ తర్వాతైనా నోరు ఎందుకు విప్పలేదని ఎన్నిసార్లు అడిగినా నా దగ్గర ఒకటే జవాబు, అందరూ మెచ్చుకుంటుంటే బాగుంది. అన్నకు మాత్రం పనేమీ లేదని చెప్పాను.

రెండేళ్ల తర్వాత ఆయన ఛాతీ చూపించుకోవడానికి నంద్యాల వచ్చాడు. ఆ సంగటి ఫోటో ఉన్న మా హోటల్ బోర్డు ముందు ఆగిపోయాడు.

"ఎవరు చేసినారు పాపా ఇది? మనం పెట్టే మాదిరే ఉందే."

"తెల్దన్నా. హైదరాబాదు నుంచి ఎవరో వచ్చి చేసిపోయినారంట."

ఇంకా దగ్గరికి జరిగి చూశాడు. "బాగా చెయ్యి తిరిగినోడు. నా చెయ్యి యాడ, ఆ చెయ్యి యాడ."

ఆ మాటలో కుళ్లు లేదు. సంతోషం ఉంది. దాన్ని నేను తట్టుకోలేకపోయాను.

ఆయన ఇప్పటికీ రాయే చెక్కుతున్నాడు, పది దెబ్బలకొకసారి ఆగి దగ్గుతూ. కలలో ఎన్నిసార్లు నిజం చెప్పానో. కలలో ఆయన అది విని వడ్డిస్తూనే ఉంటాడు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఆ పళ్లెం ఆయనది. నేను అబద్ధం చెప్పాను, ఒకసారి కాదు, మూడుసార్లు. ఇది రాశాక నాకు ఊపిరి కాస్త తేలికగా ఆడుతోంది. ఆయనకు ఆడటం లేదు.