పొట్ట మీద సూది

కంచరపాలెంలో ఉండే శ్రీరామ్మూర్తి పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. క్లోమంలో క్యాన్సర్ అని తేలి, కీమోకి జుట్టంతా రాలిపోతే, దువ్వెనకి కూడా రిటైర్మెంట్ ఇచ్చేశానన్నాడు. లుంగీ మడిచి అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్లు జాలిపడకముందే తన మీద తనే ఓ జోకు వేసుకోవడం అతని అలవాటు. ఒకరోజు పొద్దున్న లేచేసరికి ఎడమ పిక్క వాచి, చర్మం బిగుసుకుని నిగనిగలాడుతోంది. "సూడే, వొళ్లంతా సిక్కిపోతే ఇదొక్కటే బలిసినాది. కీమో దీనికే వంటబట్టినట్టుంది" అన్నాడు. భార్య కుసుమకుమారి నవ్వలేదు. క్యాన్సర్ ఉన్నవాళ్లకి రక్తం తొందరగా గడ్డకడుతుందనీ, ఒక కాలే వాస్తే వెంటనే రమ్మనీ డాక్టరమ్మ చెప్పిన మాట ఆమెకు గుర్తుంది. నూనె రాసి పిసకమని అతను కాలు చాపితే, ఆ కాలు ముట్టుకోకుండా ఆటో పిలిచింది.

స్కానింగ్‌లో పిక్క లోపల రక్తం గడ్డ కనిపించింది. అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పనీ, రోజూ పొట్ట మీద ఇంజెక్షన్ చేసుకోవాలనీ చెప్పి, ఎలా చేసుకోవాలో ఇద్దరికీ చూపించారు. ఇంట్లో మొదటిసారి శ్రీరామ్మూర్తి బనీను పైకెత్తి, సూది పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. "కొండంత కంటైనర్లు దించినోడ్ని, ఇంత సూదిని దించలేకపోతన్నాను. నువ్వే పొడిసీ" అని ఆమెకిచ్చి కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి, "అయిపోనాదేటి? నొప్పే తెలీనేదు. నాను దైర్యస్తుడ్నే" అన్నాడు.

"ఇంకా గుచ్చనేదు" అంది కుసుమకుమారి.

కళ్లు తెరిచి చూస్తే ఆమె ఏడుస్తోంది. అతను ఆమె వేళ్ల మీద తన వేళ్లు ఆనించాడు. ఇద్దరూ కలిసి మెల్లగా సూది దించారు.