నలభై ఒకటో నంబరు కవర్లు

మా అక్క రోజుకి నాలుగు వందల మంది తిట్లు చదివేది. తిట్లు తనకి కావు. విమానం దిగే ముందు ప్రయాణికులు నింపి ఇచ్చే అభిప్రాయాల కార్డులు మర్నాటికల్లా తన బల్ల మీదికి చేరేవి. సీటు, శుభ్రత, భోజనం, సిబ్బంది, టికెట్టు ధరకి తగిన సేవ. అయిదు ప్రశ్నలు, ఒక్కోదానికి అయిదు మార్కులు. అడుగున నాలుగు గీతల ఖాళీ. మార్కుల్ని కంప్యూటర్లోకి ఎక్కించడం అక్క పని. గీతల మీద రాసింది చదవక్కర్లేదని ఆఫీసు రూలు. అక్క చదివేది.

చదివినవి సాయంత్రం ఇంటికి వచ్చాక నాకు చెప్పేది. మాది ఒకటిన్నర గదుల ఇల్లు. స్టవ్వు ఉన్న గదిలోనే ఇద్దరం పడుకునేవాళ్లం. అక్క ఉల్లిపాయలు తరుగుతూ, ఎవరో పెద్దమనిషి గొంతు పెట్టి అనేది: "నా పక్క సీటాయన నా టికెట్టులో సగం ధరకే కొన్నానని దారంతా చెప్పాడు. అతన్ని వేరే చోట కూర్చోబెట్టి ఉంటే అయిదు మార్కులూ వేసేవాణ్ణి." ఇంకోరోజు ఒకావిడ గొంతు: "ఆసియాలో మూడో ఉత్తమ సంస్థ అని తలుపు పక్కన రాసుకున్నారు. ఆ మొదటి రెండూ ఏవో చెబితే వచ్చేసారి వాటిలో పోతాను." నేను నవ్వుతూ ఉంటే తను మాత్రం నవ్వేది కాదు. "నవ్వకే. ఆవిడ మోకాళ్లు నొప్పెట్టి రాసింది," అనేది.

నేను అదే అంతస్తులో, మేనేజరు గదిలో టైపు చేసేదాన్ని. ఆయన్ని ఆఫీసంతా దశాంశం గారు అనేవాళ్లు. ఏది అడిగినా నాలుగు పాయింటు రెండు ఏడు, మూడు పాయింటు తొమ్మిది ఒకటి అనేవాడు. పిల్లలెంతమంది సార్ అని అడిగితే రెండు పాయింటు సున్నా అంటాడని అక్క చెప్పే జోకు. మనిషి చెడ్డవాడు కాదు. కాగితం మీద లేనిది లోకంలో లేదనుకునేవాడు.

ఆ ఏడాది ఆయన కళ్లు ఆసియా అవార్డుల్లో మొదటి స్థానం మీద పడ్డాయి. అవార్డు ఇచ్చే సంఘానికి వివరాలన్నీ ఒక ఉత్తరంగా పంపాలి. ఆఖరు రోజు ఒక గురువారం. కొరియరు నాలుగింటికి వస్తాడు.

ఆ గురువారం పొద్దున స్టేప్లరు కోసం అక్క దగ్గరికి వెళ్లాను. యూనిఫాంలో ఒకావిడ వచ్చి బల్ల మీద కవరు పెట్టింది. ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో. కళ్లు లోపలికి పోయాయి. కొప్పుకి పెట్టిన పిన్నుల్లో రెండు ఒక పక్కకి జారాయి.

"ఇవాళ కూడా మీకు తిట్ల మూటే తెచ్చానండీ," అంది.

"ఏమైంది?" అంది అక్క.

"నిన్న రాత్రి ఏడింటి విమానం అయిదు గంటలు లేటు. జనాన్ని ఎక్కించేసి లోపలే కూర్చోబెట్టారు. పదకొండింటికి సిబ్బందికి డ్యూటీ గంటలు అయిపోయి వాళ్లు దిగిపోయారు. నన్ను ఇంటినుంచి పిలిస్తే పదకొండున్నరకి ఎక్కాను. గుమ్మంలో అడుగు పెట్టానో లేదో ఒక పెద్దాయన 'వచ్చావా తల్లీ, నిద్ర సరిపోయిందా' అన్నాడు."

"మీరేమన్నారు?"

"సరిపోలేదు నాన్నా, మీరు దిగాక పడుకుంటా అన్నాను. నవ్వాడు. కార్డు మీద మాత్రం ఒకటే వేశాడు. చూశాను."

అక్క కవరు తిప్పి చూసింది. విమానం నంబరు, తేదీ, దాని కింద 41. కవరు మీద వేసేది విమానాన్ని దించిన సిబ్బందికి పెద్దగా ఉన్నవాళ్ల బ్యాడ్జి నంబరు. అక్కడి పద్ధతి అది. జనాన్ని ఎక్కించింది ఎవరు, మధ్యలో దిగిపోయింది ఎవరు అన్నది కవరు మీద ఉండదు.

ఆవిడ వెళ్లిపోయింది. ఆవిడ స్టాండ్‌బై. అంటే ఇస్త్రీ చేసిన యూనిఫాం తలుపుకి తగిలించుకుని ఇంట్లో ఫోను కోసం కూర్చునే మనిషి. ఎవరైనా రాకపోయినా, గంటలు దాటిపోయినా పిలుపు వాళ్లకే.

నేను నా కుర్చీలోకి వచ్చేసరికి దశాంశం గారు ఒక కాగితం ఇచ్చారు. "దీన్ని ఉత్తరం వెనక జత చెయ్యాలి. ఇది ఈ గది దాటకూడదు," అన్నారు. నాలుగేళ్ల మార్కులు లెక్కకట్టి అందరికంటే తక్కువ వచ్చిన పన్నెండు మందిని తీసేస్తున్నట్టు పట్టిక. మేం ఎంత కఠినంగా ఉంటామో అవార్డు సంఘానికి తెలియాలట. మొదటి వరసలో 41. రెండు పాయింటు సున్నా ఆరు.

వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. పక్కనే సంతకాల ట్రే. అందులో ముందురోజు నేనే టైపు చేసిన ఇంకో కాగితం ఉంది. ఆరేళ్లుగా టెంపరరీగా ఉన్న అక్కని పర్మనెంటు చేస్తూ ఆర్డరు. పొద్దున్నుంచీ ఆ కాగితాన్ని కంటితో తడుముతూనే ఉన్నాను. దాని మీద సంతకం పడితే వంటగది వేరేగా ఉన్న ఇల్లు చూసుకోవచ్చని అక్కకీ నాకూ మాట.

గది దాటకూడని సంగతి ఒంటిగంటకి టిఫిన్ డబ్బా ముందు దాటేసింది.

అక్క తినడం ఆపేసింది. "ఎన్నో నంబరు అన్నావు?"

"నలభై ఒకటి. పొద్దున వచ్చినావిడ."

అక్క లేచి చెయ్యి కడుక్కుంది. అల్మారాలో ఆ ఏడాది కవర్లు తాళ్లతో కట్టి ఉన్నాయి. 41 ఉన్నవి ఏరి నేల మీద పరిచింది. నలభై దాకా తేలాయి. ఇద్దరం కింద కూర్చుని మార్కులు వదిలేసి గీతల మీద రాసింది చదవడం మొదలుపెట్టాం.

"మొదటి వాళ్లు మా మొహం చూడకుండా దిగిపోయారు. తర్వాత వచ్చినావిడ ఒక్కతే మంచినీళ్లు ఇచ్చింది." సిబ్బందికి మార్కు ఒకటి.

"ఈ ధరకి ఇంకో దేశపు విమానంలో కాళ్లు చాపుకుని పోయేవాణ్ణి. మూడు గంటలు ఆలస్యం. చివర్లో వచ్చిన అమ్మాయి మంచిదే, పాపం." మార్కు ఒకటి.

"అవార్డులు కడిగి తాగమంటారా? బాత్రూములో నీళ్లు లేవు. ఆఖర్న వచ్చినావిడ ఎక్కడినుంచో సీసాలు మోసుకొచ్చింది." మార్కు ఒకటి.

ఒక్కో కార్డూ చదువుతుంటే అక్క మొహం పాలిపోయింది. "ఇవన్నీ ఎక్కించింది నేనేనే," అంది. "నాలుగేళ్లు. పాపం అనుకుంటూ చదివి, ఒకటి అని కొట్టాను. ఒక్కసారి కూడా రెండూ కలిపి చూడలేదు."

"నీ తప్పేముంది? రూలు అది."

"వేళ్లు నావి."

గడియారం రెండుంపావు. తను ఎటు వెళ్లబోతోందో నాకు అర్థమైంది. చెయ్యి పట్టుకున్నాను. "అక్కా, నీ ఆర్డరు ట్రేలో ఉంది. ఇవాళో రేపో పెడతాడు. సంతకం పడ్డాక చెప్పు. ఒక్కరోజు."

"పట్టిక నాలుగింటికి వెళ్లిపోతుంది కదే."

"పోతే?"

అక్క నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కోపం కాదు. పక్కింటివాళ్ల అమ్మాయి ఏదో అడిగితే చూసినట్టు చూసింది. చెయ్యి విడిపించుకుని పద్నాలుగు కార్డులు తీసుకుంది.

దశాంశం గారు అద్దాలు తుడుచుకుంటూ విన్నారు. మొదటి రెండు కార్డులు అక్క చదువుతుంటే చెయ్యి ఎత్తారు.

"రాతలకి మార్కులు ఉండవమ్మా."

"మార్కులకి రాతలున్నాయి సార్. ఆలస్యానికి వేసిన మార్కు ఆవిడ నెత్తిన పడింది."

"నాలుగేళ్లుగా లెక్క ఇలాగే కడుతున్నాం. ఇప్పుడు తప్పంటే ఉత్తరంలో నేను రాసిన ప్రతి అంకే తప్పు. గంటన్నరలో కొరియరు వస్తాడు. ఈ మార్కులు కంప్యూటర్లోకి ఎక్కించింది ఎవరు?"

"నేనే సార్."

"అయితే మీ తప్పు కూడా కాగితం మీదికి రావాలి. రానిమ్మంటారా?"

నేను స్క్రీను వైపే చూస్తున్నాను. మెడ తిప్పే ధైర్యం లేదు.

"రానివ్వండి," అంది అక్క.

ఆయన పెన్ను తీసి పట్టికలో 41 కొట్టేశారు. "సరే. పదకొండు మంది. ఇక వెళ్లండి." నావైపు తిరిగి, "మార్చి ప్రింటు తియ్యి," అన్నారు.

అక్క కదల్లేదు. "మిగతా పదకొండు మందిలో స్టాండ్‌బై వాళ్లు ఎవరైనా ఉన్నారేమో చూడాలి సార్."

"బయటికి వెళ్లండి."

అక్క వెళ్లింది. గాజు తలుపు అవతల వరండాలో కనిపిస్తూనే ఉంది. కవర్ల కట్టలు తెచ్చుకుని నేల మీద కూర్చుని తాళ్లు విప్పుతోంది. వచ్చేపోయేవాళ్లు చుట్టూ తిరిగి పోతున్నారు. మూడూ ముప్పావు కావస్తోంది. పట్టిక మార్చేశాను. ప్రింటు మీట నొక్కితే అయిపోతుంది.

"ఏమైంది?" అన్నారు దశాంశం గారు.

"ప్రింటరులో కాగితం ఇరుక్కుంది సార్," అన్నాను. ఇరుక్కోలేదు. లేచి వెళ్లి దాని మూత తీశాను. లోపల చెయ్యి పెట్టి లేని కాగితాన్ని వెతికాను. వేలికి నల్లరంగు అంటింది. ఆ ఆఫీసులో ఆయనతో నేను ఆడిన మొదటి అబద్ధం అది.

తలుపు తెరుచుకుంది. అక్క చేతిలో ఇంకో రెండు కట్టలు. "పందొమ్మిది, అరవై మూడు. వీళ్లూ స్టాండ్‌బైలే సార్. కార్డుల నిండా 'తర్వాత వచ్చినావిడ', 'ఆఖర్న వచ్చినాయన' అనే ఉంది."

ఆయన మొహం ఎర్రబడింది. "మీకు ఒకసారి చెప్పాను."

"చెప్పారు సార్. ఒక్క మాట. మొదటి స్థానం అడుగుతున్నాం కాబట్టి అవార్డు వాళ్లు నమూనాకి కార్డులు పంపమంటారు. వాళ్లకి మన రూలు లేదు. రాతలు కూడా చదువుతారు."

అక్క అది బెదిరింపుగా అనలేదు. కవర్ల తాళ్లు వేలికి చుట్టుకుంటూ, ఏ ప్రయాణికుడి గొంతూ పెట్టకుండా, తన గొంతుతోనే అంది. ఆయన మాత్రం కుర్చీలో వెనక్కి వాలారు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. బయట మెట్ల మీద కొరియరు బూట్ల చప్పుడు మొదలైంది.

"ఉత్తరంలో ఈ తొలగింపుల పేరా తీసెయ్," అన్నారు నాతో. "పట్టిక జత చెయ్యక్కర్లేదు. తర్వాత చూద్దాం."

నేను పేరా తీసేసి, ప్రింటరు మూత వేశాను. వెంటనే పనిచేసింది. ఆయన నావైపు చూశారు. ఉత్తరం మీద సంతకం చేసి కొరియరుకి ఇచ్చారు. ఆ తర్వాత ట్రేలోంచి అక్క ఆర్డరు తీసి, ఒకసారి చదివి, సొరుగులో పెట్టి తాళం వేశారు. చించలేదు. చించితే కారణం కాగితం మీద రాయాలి.

ఆ ఏడాది మా సంస్థకి రెండో స్థానం వచ్చింది. విమానాల తోకల మీద అవార్డు గుర్తుగా బంగారు రంగు రెక్కల బొమ్మ వేయించారు. "అందులో నా వాటా ఏ రెక్కో అడుగు మీ సార్‌ని," అనేది అక్క. పట్టిక మళ్లీ నా చేతికి రాలేదు. ఆర్డరూ సొరుగులోంచి రాలేదు. ఇంకో మూడేళ్లు టెంపరరీగానే చేసి, కార్డులు పోయి అభిప్రాయాలు ఫోన్లలోకి మారినప్పుడు అక్క ఆ పనిలోంచి దిగిపోయింది. వంటగది వేరేగా ఉన్న ఇల్లు మేం తీసుకున్నది నా పెళ్లయ్యాకే. అప్పటికి తనకి ఉల్లిపాయల ఘాటు పడటం లేదు.

నలభై ఒకటో నంబరావిడకి ఇదంతా తెలియదు. ఆ మూడేళ్లూ వారానికి రెండుసార్లు కవరు తెచ్చి బల్ల మీద పెట్టేది. "ఈసారీ తిట్లేనండీ," అనేది. అక్క పెన్సిలు తీసి, "ఎన్నింటికి ఎక్కారు?" అని అడిగి, కవరు మూల టైము వేసుకునేది. ఎవరు కవరు తెచ్చినా అదే ప్రశ్న. కంప్యూటర్లో ఆ గంటలకి గడి లేదు. అయినా వేసుకునేది.

మొన్నటి మార్చిలో అక్క ఆసుపత్రిలో ఉంది. సెలైను సీసా అయిపోయి గంట దాటింది. నేను రెండుసార్లు వెళ్లి చెప్పి వచ్చాను. సాయంత్రం ఆరు దాటాక ఒక నర్సు గబగబా వచ్చింది. నాకు నోరు ఆగలేదు. "ఎంతసేపమ్మా, పేషెంటంటే లెక్క లేదా," అని మొదలుపెట్టాను. ఆ పిల్ల తల వంచుకుని సీసా మారుస్తోంది.

అక్క కళ్లు తెరిచింది. అప్పటికి రెండు రోజులుగా ఎక్కువ మాట్లాడటం లేదు.

"డ్యూటీకి ఎన్నింటికి ఎక్కావమ్మా?" అంది.

"ఇప్పుడే ఆంటీ. ఆరింటికి," అంది నర్సు.

అక్క నావైపు తిరిగింది. నేను వెళ్లి ఆ పిల్ల చేతిలోని ఖాళీ సీసా అందుకున్నాను.