వారానికి మూడు ఒక్కపొద్దులు

మా కోడలు వారానికి మూడు ఒక్కపొద్దులు పట్టేది. సోమవారం, గురువారం, శనివారం. పగలంతా ఉపవాసం ఉండి పొద్దుగూకాక ఒక జొన్నరొట్టె తినేది. మూడు రోజులూ దేవుడి దగ్గర దీపం పెట్టింది మాత్రం నేనే.

సన్నబడడానికి కడుపు మాడ్చుకుంటున్నానని చెబితే నాలుగు మాటలు అనేదాన్ని. దేవుడి పేరు చెబితే అత్త నోరెత్తదని ఆమెకు తెలుసు. కానీ దేవుడి కోసం ఉపవాసం ఉన్నవాళ్లు తెల్లారగానే బరువు చూసుకునే మిషను ఎక్కరు. అరకిలో తగ్గితే ఆ పూట కూనిరాగం. పావుకిలో పెరిగితే గిన్నెల చప్పుడు. తరువాత అద్దం ముందు నిలబడి పొట్ట పట్టుకుని, "బియ్యం బస్తా లెక్కున్న" అని తనను తాను తిట్టుకునేది. ఆమె దిగగానే నాలుగున్నరేళ్ల మనవరాలు మిషను ఎక్కేది. అంకెలు చదవడం రాకపోయినా తల్లిలాగే మొహం చిట్లించేది.

నేనేమైనా తక్కువదాన్నా? సీతాఫల్‌మండిలో మా గల్లీ ఆడవాళ్ల ముందు, "మా కోడలు వారానికి మూడు ఒక్కపొద్దులుంటది. ఈ కాలంల ఎవరుంటున్నరు గట్ల?" అని గొప్పలు పోయాను. అసలు సంగతి తెలిసి కూడా పోయాను. మనవరాలు నా ఒళ్లో కూర్చుని వినేది.

బడి నుంచి పిల్ల టిఫిన్ డబ్బా నిండుగా తిరిగి రావడం మొదలైంది. పాలు రాని రోజు, సిలిండరు మార్చిన రోజు నేను క్యాలెండరు గడుల్లో రాసిపెడతాను. డబ్బా సంగతీ రాశాను. మూడు వారాల గడులు చూస్తే డబ్బా నిండుగా వచ్చినవి సోమవారాలు, గురువారాలు మాత్రమే. శనివారం బడి లేదు. ఆ రోజు అన్నం వేళకు పిల్లకు కడుపునొప్పి వచ్చేది. నొప్పికి వారం తెలుస్తుందా?

అడిగాను.

"నాకు సుత ఒక్కపొద్దు, నానమ్మా. బస్తా అయిన గదా" అని గౌను ఎత్తి పొట్ట చూపించింది. నాకు పక్కటెముకలు కనిపించాయి.

పిల్లల డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్లాం. పది వారాల కింద సూది వేయించినప్పుడు పదిహేను కిలోల నాలుగు వందల గ్రాములు. ఇప్పుడు పద్నాలుగు కిలోల ఆరు వందలు. పెరగాల్సిన పిల్ల ఎనిమిది వందల గ్రాములు తగ్గింది.

"ఇంట్ల ఎవరన్న డైటింగ్ చేస్తున్నరా?" అని డాక్టరు అడిగాడు.

"లేదు సార్. నేను ఒక్కపొద్దులుంట, గంతే" అంది కోడలు, సాక్ష్యం చెప్పమన్నట్టు నా వైపు చూస్తూ.

"దేవునికి గాదు సార్. మిషనుకుంటది" అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో కోడలు, "బయటోళ్ల ముందు ఇజ్జత్ తీసిండ్రు గదా అత్తమ్మా" అంది. పిల్ల బరువు గురించి ఒక్క మాట లేదు.

"నాది సుత పోయిందిలే. గల్లీల చాటింది నేనే గదా."

శనివారం మధ్యాహ్నం మూడు కంచాలు పెట్టాను. పప్పు, అన్నం, నెయ్యి. పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది.

"అమ్మ తింటెనే తింట."

"ఇయ్యాల శనివారం అత్తమ్మా."

"ఆ పాపం నాకు తగలనియ్. తిను."

కోడలు గోళీ అంత ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. పిల్ల వంగి ఆమె గొంతు కేసి చూసింది.

"మింగినవా? నోరు తెరు."

కోడలు రోజూ పిల్లతో అనే మాటే. నోరు తెరిచి చూపించింది. అప్పుడు పిల్ల ఒక ముద్ద తిన్నది. అలా ఒకటికి ఒకటి. పప్పన్నం తినడానికి విషం మింగుతున్నట్టు మొహం పెట్టిన తల్లిని ఆమెనొక్కదాన్నే చూశాను. తల్లివి ఏడు, పిల్లవి ఏడు లెక్కపెట్టాను. అంతటితో చాలనుకుందేమో, కోడలు లేవబోయింది. పిల్ల కంచం పక్కకు నెట్టింది.

"కూసో" అన్నాను.

కూర్చుంది.