త్రివేణిగారి డౌటు

త్రివేణి ఫిజియాలజీ పాఠం చెబితే గుండె కొట్టుకోవడం కళ్ళకు కట్టేది. గుంటూరులో చదువుకుని, అమెరికాలో ప్లేనోకి దగ్గర్లో ఉన్న ఓ యూనివర్సిటీలో ప్రొఫెసరై, స్టూడెంట్ల చేత భేష్ అనిపించుకున్న మనిషి. ఆవిడకున్న భయమల్లా ఇంగ్లీషే. చేరిన కొత్తలో ఎవరో ఆవిడ యాసను అనుకరిస్తే క్లాసంతా ఘొల్లుమంది. ప్రొఫెసరయ్యాక కూడా ఆ నవ్వును మాత్రం మరిచిపోలేకపోయింది.

ఆరోజు సాన్వి పీహెచ్‌డీ డిఫెన్స్. ఇక్కడే పుట్టిన తెలుగుపిల్ల, ఏళ్ళ తరబడి ఎలుక గుండె మీద ప్రయోగాలు చేసింది. పరీక్షించే కమిటీలో త్రివేణి కూడా ఉంది. గుండెను ఉంచిన ద్రావణం ఎంత వెచ్చగా ఉందో అడుగుదామనుకుని, మనందరికీ నోట్లో నానే మాటే అనేసింది.

"ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ దిస్ డేటా."

మన డౌటు ఉత్త ప్రశ్న. అమెరికావాళ్ళకది అనుమానం. కమిటీ పెద్ద మార్గరెట్ పెన్ను పక్కనపెట్టి, "డేటాని నమ్మలేమంటారా?" అంది. సాన్వి మొహం పాలిపోయింది.

"కాదు, నేను మాట తప్పు వాడాను" అంటే అయిపోయేది. మళ్ళీ నవ్వుతారేమోనని జంకి, "కొన్ని అంకెలు... సరిచూస్తే మంచిది" అని నసిగింది త్రివేణి. ఎంత చదువుకుని ఏం లాభం? సాన్విని బయటికి పంపించి, ప్రయోగాలన్నీ మళ్ళీ చేయించాలన్నారు మిగతావాళ్ళు.

త్రివేణి మంచినీళ్ళ వంక పెట్టి బయటికొచ్చింది. సాన్వి గోడవారన కూచుని ఫోన్‌లో ఏడుస్తోంది. "అమ్మా, ఆంటీ నా డేటా ఫేక్ అనుకుంటుంది."

త్రివేణికి తల కొట్టేసినట్టయింది. వెనక్కి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఎవరూ నవ్వలేదు. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అంది మార్గరెట్.

సాన్వి పాసయింది. అంతా మాట తేడా వల్లే వచ్చిందని మార్గరెట్ చెప్పేసరికి కళ్ళు తుడుచుకుని, "ఆంటీ, అమ్మ మీతో మాట్లాడుతుందట" అంటూ ఫోన్ అందించింది.

"మేడమ్, పిల్ల మిమ్మల్ని అపార్థం చేసుకుంది. మనవాళ్ళు డౌటంటే ప్రశ్నేనే అని చెబితే విన్లేదు. అదే అయితే ఆంటీ వెంటనే చెప్పేవారుగా అంది. చిన్నపిల్ల, మనసులో పెట్టుకోకండి."

త్రివేణి సిగ్గుతో చచ్చిపోతూ, "పర్వాలేదండి" అని ఆ పిల్లను క్షమించింది.