పొద్దున్నకి బిగుసుకునే మూత

వీరవేణి తనని మెచ్చుకున్నవాళ్ళని నమ్మేది కాదు. పెన్ను బావుందని ఎవరైనా అంటే దాన్ని వాళ్ళ చేతిలోంచి వెనక్కి తీసుకుని, వెలుతురులోకి వెళ్ళి, ఎక్కడ చెడిందో వెతికేది. "ఊరికే ఎందుకు మెచ్చుకుంటారండీ ఎవరైనా?" అనేది నాతో. పెళ్ళిచూపుల్లో నేను ఆమె చేతులు బావున్నాయన్నాను. ఆ మాట వెనక ఏముందో కనుక్కోవడానికి తనకి చాలా ఏళ్ళు పట్టిందని తరవాతెప్పుడో చెప్పింది. ఏముందని తేలిందో మాత్రం చెప్పలేదు.

రాజమండ్రిలో నేను ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఆమె కోటగుమ్మం వెనక సందులో, రాయుడుగారి పెన్నుల కొట్టులో తరిణి పట్టేది; కడ్డీని గిరగిరా తిప్పుతుంటే ఉలితో చెక్కే యంత్రం అది. పెన్నులు చేసే గట్టి రబ్బరు, ఎబోనైటు; దాని కడ్డీని చెక్కుతుంటే గంధకం వాసన వస్తుంది. తలంటుకున్నా అది ఆమె జుట్టులోంచి పోయేది కాదు. దిండు గలీబు ఒకటి నేనింకా ఉతకనివ్వలేదు.

వాళ్ళ నాన్న కూడా పెన్నులు చేసినవాడే. ఆయన తరిణికి తాడు లాగుతూ పెరిగింది వేణి. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక రాయుడుగారు ఆమెని కొట్టులో పెట్టుకుని నాలుకలు చెయ్యమన్నారు. పాళీ కింద ఉండే చిన్న ముక్క అది; సిరా దాని మీదుగానే దిగాలి. చాలాకాలం ఆమె చేసినవి నాలుకలే. పెన్ను మొత్తం చేసే మనిషి గవర్రాజు ఒక్కడే. కిటికీ పక్కన కాలితో తొక్కే పాత తరిణి అతనిది. పెన్ను మొత్తం చేసినవాళ్ళు మూత లోపల, కొన్నవాడి కంటపడని చోట, తమ గుర్తు చిన్నగా గీసుకోవడం ఆ కొట్టు అలవాటు. గవర్రాజుది చేప. నాలుకలకి గుర్తు ఉండదు.

ఆయుధపూజ నాడు కొట్టులో అందరూ తరిణికి పసుపు రాసి, బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకునేవారు. వేణి మాత్రం వంగి, దాని చెవిలో చెప్పినట్టు ఏదో గొణిగేది. వచ్చే దసరాలోగా ఏది నేర్చుకోవాలో అది. ఒక్కటే. "రెండు చెప్తే ఒకటి ఎగ్గొట్టేత్తామండి," అనేది. ఆ ఒక్కటీ చేతికొచ్చాకే నాకు చెప్పేది. ముందే చెబితే దిష్టి తగులుతుందని. ఒక ఏడు నాలుకలో సిరాగీత వంకర పోకుండా కొయ్యడం. ఇంకో ఏడు ఉలి నాన్నలా నూరడం. ఆ తరవాత కడ్డీ పగలకుండా మధ్యకి తొలవడం. ఇలా ఒక్కోటీ పోగేసుకుంటూ పెన్ను మొత్తానికి దగ్గర పడుతోందని నాకూ ఆలస్యంగానే తెలిసింది.

రాయుడుగారు మోటారు తరిణి కొన్న ఏడు, గవర్రాజు దాని దగ్గరికి పోనన్నాడు. "నా కాలు ఆగితే నా తరిణి ఆగుద్ది. దాని కాలు ఎక్కడుందో నాకు తెలవదు," అన్నాడు. ఎవరూ ముట్టని ఆ మోటారు తరిణిని వేణి అడిగి తీసుకుంది. పెన్ను మొత్తం చేస్తానంది. చెయ్యనిచ్చారు.

ఆమె పొద్దున గొట్టం చెక్కి, మధ్యాహ్నం మూత తొలిచి లోపల మర చుట్లు కోసి, వెంటనే గొట్టానికి బిగించి చూసేది. నూనె రాసినట్టు తిరిగేది. సాయంత్రం బల్ల మీద పెట్టి ఇంటికొచ్చేది. పొద్దున్న వెళ్ళేసరికి మూత బిగుసుకుపోయేది. గట్టిగా తిప్పితే కీచుమనేది. రెండో పెన్నూ అంతే, మూడోదీ అంతే.

"ఎవరో ముట్టుకుంటన్నారండి," అంది నాతో, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి.

"ఎవరు ముట్టుకుంటారు?"

"గవర్రాజన్నయ్య పెన్నులకి ఏం కావట్లేదు. నా వాటికే. కొట్టు తాళం తీసేది ఆయనే."

"రాయుడుగారికి చెప్పావా?"

"చెప్పకుండా ఉంటానా?"

చెప్పింది. అందరి ముందూ చెప్పింది. గవర్రాజు అప్పుడు పాళీలు సర్దుతున్నాడట. తలెత్తకుండా, "చెల్లెమ్మా, నీ పెన్ను పాడుచెయ్యడానికి నేనెందుకూ, నువ్వున్నావుగా," అన్నాడట. ఆ మర్నాటి నుంచి ఆమె పోసిన టీ తాగడం మానేశాడు. రాయుడుగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, వేణితో తేల్చి చెప్పారు: "పూజ ముందు రోజు ఒక పెన్ను చేసి పెట్టమ్మా. పూజనాడు పొద్దున్న నా చేత్తో మూత పెడతాను. సాయంత్రం పడినట్టే పడాల. పడితే నీ గుర్తు గీసుకో. పడకపోతే నాలుకలు చేసుకుందువుగాని. ఇంకెప్పుడూ నన్నడక్కు."

పూజనాడు కొట్టులో ఎవరూ పనిముట్టు ముట్టుకోరు. ఉలికీ తరిణికీ ఆ రోజు సెలవు. మూత బిగుసుకుంటే సరిచేసుకునే దారి ఉండదు. అందుకే ఆ రోజు పెట్టారాయన. వేణికి అది పరీక్షలా కాదు, పన్నాగంలా కనిపించింది. "మోటారు దండగైందని అందరిచేతా అనిపించాలని చూత్తన్నారు. నెపం నా మీద పెట్టి దాన్ని అమ్మేత్తారు," అంది. ఎప్పుడూ తరిణికే చెప్పుకునే మాటని ఆ ఏడు నాకు ముందే చెప్పింది. పొద్దున్నకి బిగుసుకోని మూత. అదొక్కటే.

ఇక కాపలా మొదలుపెట్టింది. బల్ల మీద పెన్ను చుట్టూ సుద్దపొడి చల్లి వచ్చేది. పొద్దున్నకి పొడి చెదిరేది కాదు, మూత మాత్రం బిగిసేది. తన తలవెంట్రుక ఒకటి మూతకీ గొట్టానికీ అడ్డంగా నూనెతో అంటించింది. పొద్దున్న వెంట్రుక అలాగే ఉంది. మూత తిరగలేదు.

"చూశావా, ఎవరూ ముట్టుకోలేదు," అన్నాను.

"తీసి మళ్ళీ అంటించుంటాడు."

"నీ వెంట్రుకే?"

"కొట్టులో అందరి వెంట్రుకలూ నల్లగానే ఉంటాయి కదండీ."

ఇక పెన్నుని ఇంటికే తెచ్చేసింది. చీరకొంగున కట్టుకుని వచ్చి బియ్యం డబ్బాలో అడుగున పాతి, మూత పెట్టి, దాని మీద రుబ్బురోలు పొత్రం ఎక్కించింది. తెల్లవారి బియ్యం కొలవడానికి డబ్బా తీసి, పెన్ను బయటికి లాగి, మూత తిప్పింది. కీచుమంది. నా వంక చూసింది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే.

"మీరేవైనా ముట్టుకున్నారా?"

"నేనా? ఆ పొత్రం ఎత్తితే నా నడుం నిలుస్తుందా?"

"మీకూ గవర్రాజుకీ ఏదన్నా మాటయిందా?"

"అయింది. ఇద్దరం కలిసి బియ్యం తిందామనుకున్నాం."

ఆమె నవ్వలేదు. విసుగొచ్చి, పెన్నుని ఎసరు కాగుతున్న గిన్నె మీది పళ్ళెంలో పడేసింది. గొట్టం వైపు మసిగుడ్డ మీద పడింది, మూత వైపు పళ్ళేనికి ఆనింది. బియ్యం కడిగొచ్చి పళ్ళెం తీయబోతూ పెన్ను పట్టుకుంది. వేళ్ళు చురుక్కుమన్నాయి. అలవాటుకొద్దీ తిప్పింది. మూత నూనె రాసినట్టు తిరిగింది.

వెంటనే పెన్నుని చెంబులో నీళ్ళలో ముంచి, తుడిచి, తిప్పింది. కీచుమంది. మళ్ళీ పళ్ళెం మీద పెట్టింది. తిరిగింది. ఇంకోసారి నీళ్ళలో. ఆ పూట నేను పెరుగూ అటుకులూ తిని పనికి వెళ్ళాను.

"ఎవరూ కాదండి," అంది నేను గుమ్మం దాటుతుంటే. "కోసేటప్పుడు వెచ్చగా ఉంటాది మూత. వెచ్చగా ఉందంటే పని సాగుతుందనుకునేదాన్ని. చల్లారితే ముడుచుకుంటంది."

"మరి మీ నాన్నకి తెలీదా?"

"నాన్న తరిణి ఇంత జోరుగా తిరిగితేగా. నేను లాగే తాడుకి వేడెక్కడిది?" అని ఆగింది. "గవర్రాజు తరిణీ అంతే. వేడెక్కదు."

అక్కడితో అనుమానం పోతుందనుకున్నాను. పోలేదు, దారి మార్చుకుంది. ఇన్నేళ్ళు ఎబోనైటుతో బతికినవాడికి అది వేడికి పెరుగుతుందని తెలీకుండా ఉంటుందా? ఆ సాయంత్రం నన్ను వెంట తీసుకుని గవర్రాజు ఇంటికి వెళ్ళింది. అతను అరుగు మీద కూర్చుని పెన్నులు నునుపు చేసే ఉప్పుకాగితం ముక్కలు కత్తిరిస్తున్నాడు.

"అన్నయ్యా, వేడికి మూత సాగుద్దని నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"ఎప్పణ్ణించి?"

"నువ్వు మోటారు దగ్గిర కూకున్న రోజునుంచి. చేత్తో పట్టుకుంటే తెలవదేటి?"

"మరి చెప్పలేదే?"

"దొంగన్నావు. దొంగ చెప్తే ఇంటావా?" కత్తెర కింద పెట్టాడు. "దానికి ముందయితే... చెప్పేవోణ్ణి కాదులే. నువ్వు ఆ మోటారు మీద పెన్ను చేసేత్తే, ఈ కాలు తొక్కుడు ఎవడికి కావాలి? కిటికీ పక్కన మోటారు పెట్టుకుంటాడు రాయుడు. నేను నాలుకలు చెయ్యాలి." గవర్రాజు నా వైపు తిరిగాడు. "ఏవండీ, మీరు చదువుకున్నోరు. చెప్పండి, తప్పా?"

వేణి చాలాసేపు అతని మొహంలోకి చూసింది. ఆ మాట వెనక ఇంకేదో ఉందేమోనని చూసి ఉంటుంది. తరవాత, "టీ పెట్టించు వదినచేత," అంది. పెట్టించాడు. తాగాం. తాగుతూ, తను వెంట్రుక అంటించి కాపలా కాసిందీ, అతను తీసి మళ్ళీ అంటించాడనుకున్నదీ తనే చెప్పింది. ఆమె క్షమించమని అడగలేదు, అతనూ అడగలేదు.

పూజ ముందు రోజు ఆమె పని పద్ధతి మార్చింది. మోటారు కాస్త తిప్పి ఆపేది. కూజా మెడకి చుట్టిన తడిగుడ్డ తీసి మూతకి చుట్టి, చల్లారాక మళ్ళీ మొదలుపెట్టేది. ఒక పూటలో అయ్యే మరకి రోజంతా పట్టింది. సాయంత్రం రాయుడుగారు వచ్చి చెయ్యి చాచారు. మూత వేరుగా, గొట్టం వేరుగా ఇచ్చింది.

"బిగించి చూపించమ్మా."

"ఇప్పుడు కాదండి. పూర్తిగా చల్లారాలి. రేపు పొద్దున్న మీరే బిగించండి."

ఆయన కళ్ళు సన్నబడ్డాయి. "మొన్నటిదాకా మాటల్లేని మీ ఇద్దరూ ఈమధ్య టీలు తాగుతున్నారంట కదా. తెల్లారేలోగా ఇది గవర్రాజు తరిణి మీద సద్దుకుని వచ్చేత్తాదా?"

"మీ జేబులోనే పెట్టుకెళ్ళండి."

"పెట్టుకెళ్తా," అన్నారాయన. నిజంగానే రెండు ముక్కలూ చొక్కా జేబులో వేసుకుని, గుండీ పెట్టుకుని వెళ్ళారు.

పూజనాడు పొద్దున్న నేను కూడా కొట్టుకి వెళ్ళాను. తరిణులకి పసుపు ఇంకా ఆరలేదు. కొబ్బరికాయ కొట్టాక రాయుడుగారు జేబు గుండీ విప్పి, ముక్కలు రెండూ తీసి, మూతని గొట్టం మీద పెట్టి తిప్పారు. చప్పుడు లేదు. విప్పారు, మళ్ళీ తిప్పారు. "బావుందమ్మా," అన్నారు.

నాకు తెలుసు, ఆ మాట వేణికి చాలదు. పెన్ను ఆయన చేతిలోంచి తీసుకుని గవర్రాజుకి ఇచ్చింది. అతను కళ్ళు మూసుకుని తిప్పాడు. విప్పాడు. బొటనవేలి గోరుతో మూతా గొట్టం కలిసేచోట గీరాడు.

"మర సగం చుట్టు ఎక్కువుంది," అన్నాడు. "మూత పెట్టడానికి అన్ని తిప్పులు తిప్పుతా కూకుంటే రాసేదెప్పుడు?"

"కావాలని అంటున్నావా, నిజంగానా?"

"కావాలనే. నిజం కూడానూ."

అప్పుడు నవ్వింది వేణి. గాజుకి తగిలించుకున్న పిన్నీసు తీసి మూతని వెలుతురుకి పట్టింది.

"పూజనాడు పనిముట్టు ముట్టుకోకూడదమ్మా," అన్నారు రాయుడుగారు.

"ఇది పనిముట్టు కాదండి. పిన్నీసు."

మూత లోపల ఒక సన్నటి వంపుగీత గీసింది. వెంట్రుకలా ఉంటుంది. దానికి అర్థం కొట్టులో నాకూ గవర్రాజుకీ తప్ప ఎవరికీ తెలీదు. అతను చూసి, "నేను మళ్ళీ అంటించిందేనా?" అన్నాడు. తరవాత ఆమె మోటారు తరిణి మీదకి వంగి ఏదో గొణిగింది. ఈసారి ఏమడిగిందో ఇద్దరం విన్నాం. సగం చుట్టు.

ఆ పెన్ను ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఇది దానితోనే రాస్తున్నాను. మూత పెట్టడానికి సగం చుట్టు ఎక్కువే పడుతుంది, అతనన్నది నిజమే. ఆమె పోయాక గవర్రాజు వచ్చి కూర్చున్నప్పుడు మాటలేమీ దొరక్క, నా జేబులోంచి దీన్ని తీసి మూత విప్పి పెట్టి, విప్పి పెట్టి ఇచ్చేశాడు. "బావుంది," అన్నాడు. అతను వెళ్ళాక నేను దాన్ని కిటికీ దగ్గర వెలుతురులోకి తీసుకెళ్ళి, ఎక్కడ చెడిందోనని చూశాను.