తాలుకాయల దొంగ

నా చిన్నప్పుడు కథ రాయడమంటే లెక్క చేయడం లాంటిదని, పద్ధతి తెలిస్తే చాలు జవాబు దానంతటదే వస్తుందని నమ్మేదాన్ని. ఆ నమ్మకం అంటించింది మా తాతయ్యే. మిరపకాయలు అమ్మడానికి ఖమ్మం యార్డుకు వెళ్లి, వస్తూ వస్తూ బస్టాండు దగ్గర పాత పుస్తకాలవాడి దగ్గర అట్ట లేని పుస్తకం ఒకటి కొనుక్కొచ్చాడు. కథలు రాయడం ఎలాగో నేర్పే గైడు. జూలూరుపాడు దగ్గర మా ఊళ్లో అప్పటికి కథ రాసినవాళ్లెవరూ లేరు గనుక ఆ గైడే నాకు గురువు.

ఆ గురువు మాటలు ఒకదానికొకటి పొసగేవి కావు. ముగింపు ముందే అనుకుని రాయమని ఒక పేజీ, అనుకోకుండా రాయమని ఇంకో పేజీ. తెలిసిన మనుషుల గురించే రాయాలట, కానీ ఉన్నది ఉన్నట్టు రాయకూడదట. చదివి చదివి తల తిరిగిపోయింది. చివరికి ఒక్క సూత్రం మాత్రం తలకెక్కింది. తప్పు చేసే మనిషి ఎవరూ అనుమానించని మనిషై ఉండాలి.

అలాంటి మనిషి కోసం చుట్టూ చూస్తే పక్కింటి అక్క కనిపించింది. ఆమె మా కల్లంలో ఎండిన మిరపకాయలు ఏరడానికి వచ్చేది. ఎర్రకాయలు ఒక కుప్ప, రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయలు ఒక కుప్ప. సాయంత్రం ఇంటికి పోయేముందు ఏరే ఆడవాళ్లందరూ తలా ఒడి నిండా తాలుకాయలు పోసుకుని వెళ్లేవారు. అడిగేదీ లేదు, ఇచ్చేదీ లేదు. తాతయ్య కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్ననాటి నుంచీ అదే ఆనవాయితీ. నా కథలో మాత్రం అక్క ఆ కాయలు దొంగిలించింది. గైడు చెప్పినట్టే ఆమె చేతులు వణికాయి, నుదుట చెమట పట్టింది, చివరి వాక్యంలో పట్టుబడింది.

మర్నాడు కల్లంలో తాతయ్య ముందు, ఆడవాళ్లందరి ముందు గొంతెత్తి చదివాను. పేరు మార్చాను గానీ అక్క బుగ్గ మీది మచ్చ మార్చలేదు. పాత్రకు ఏదో ఒక గుర్తు ఉండాలని గైడులో ఉంది మరి! వాళ్లు మొదట నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు. అక్క తల వంచి కాయలు ఏరుతూనే ఉంది. సాయంత్రం లేచి, కొంగు విప్పి అందరికీ కనిపించేలా దులిపి, ఖాళీ ఒడితో వెళ్లిపోయింది. ఆ రోజు మిగతావాళ్లూ కాయలు ముట్టుకోలేదు. కథ బాగా కుదిరిందనే అనుకున్నాను, మరి తాలుకాయల కుప్ప అలాగే ఎందుకు మిగిలిపోయిందో అర్థం కాలేదు.

తాతయ్య తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "కథ సగమే రాశావమ్మా. ఆ కాయలు ఇంటికెళ్లాక ఏమయ్యాయో అక్కనే అడిగి రా" అని బుట్టెడు తాలుకాయలు నా నెత్తిన పెట్టి పంపాడు.

అడిగాను. అక్క పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే చెప్పింది. "ఏం జేస్తం చెల్లె, కారం పట్టిస్తం. యాడాదంత గదే తింటం." పుల్ల పొయ్యిలోకి ఎగదోసి, "చేతులు వణికినయని రాసినవ్ గద. నా చేతులు వణుకంగ నువ్వెప్పుడు చూసినవ్?" అంది.

"గైడులో ఉందక్కా" అన్నాను.

అక్క పొయ్యి మీది గిన్నె దించింది. తర్వాత "అన్నం తిన్నవా?" అని, కంచంలో ఇంత వేడన్నం పెట్టి, ఆ కారమే కలిపి ఇచ్చింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా తిన్నాను. బుట్ట మాత్రం వెనక్కి పంపేసింది. కోపముంటే అన్నమెందుకు పెట్టింది? లేకపోతే కాయలెందుకు తీసుకోలేదు? తిరిగి కల్లానికొచ్చే దారి పొడవునా అదే ఆలోచన, ఈ వయసులోనూ తెగలేదు.

నాలుగు రోజులకు మిగతావాళ్లు మళ్లీ ఒడి పట్టారు. అక్క ఆ తర్వాత ఎన్ని పంటలకు వచ్చినా ఒక్క కాయ తీసుకెళ్లలేదు.

ఇప్పటికీ కథలు రాస్తూనే ఉన్నాను. మనవరాలు ఫోనులో కథలు రాయడం నేర్పే వీడియోలు చూపిస్తుంది. అవీ నాకు సరిగా అర్థం కావు. ఎవరినైనా తప్పు పట్టబోతే మాత్రం, చూశానా, ఊహించానా అని చెయ్యి ఆగుతుంది.

ఆ పూట పొయ్యి దగ్గర "తప్పయిందక్కా" అని ఉంటే సరిపోయేదేమో. అంత కథ అల్లిన నాకు ఆ ఒక్క మాట తోచలేదు. అక్క పోయి చాలా ఏళ్లయింది. ఆ మాట నా దగ్గరే ఉండిపోయింది.